అందరిలో ఉండే వైరస్, కొందరికే వచ్చే క్యాన్సర్

యువ వైద్యుల స్నాతకోత్సవంలో సేవాభావం గురించి మాట్లాడటం ఆనవాయితీ. అది మీకు మీ ఆచార్యులు చెప్పే ఉంటారు కాబట్టి నేను ఒక వైరస్ గురించి మాట్లాడతాను. ఆఫ్రికా పిల్లల దవడల్లో పెరిగే బర్కిట్ కణితి కణాల్లో 1964లో ఎప్‌స్టీన్, ఆచోంగ్, బార్ అనే ముగ్గురు దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అన్న పేరు అలా వచ్చింది. ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఇది ఉంది. ఈ హాల్లోనూ దాదాపు అందరిలో ఉండే ఉంటుంది. కడుపు క్యాన్సర్లలో ఇంచుమించు పదింట ఒకదానిలో క్యాన్సర్ కణాల లోపల ఇదే వైరస్ కనిపిస్తుంది. అలాంటి గడ్డల్లో అది ఊరికే వచ్చి చేరిన చుట్టం కాదు, గడ్డ పుట్టడానికి కారణాల్లో ఒకటి అని నా వాదన.

ఈ మాట వినగానే అనుమానించడం న్యాయమే. క్యాన్సర్‌కు సూక్ష్మజీవిని అంటగట్టే విషయంలో వైద్యశాస్త్రం రెండు వైపులా దెబ్బతింది. ఎలుకల కడుపులో నులిపురుగులు క్యాన్సర్ తెస్తాయని చెప్పిన ఫిబిగర్‌కు 1926 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ పుండ్లకు అసలు కారణం చాలావరకు విటమిన్ ఎ లోపమేనని, అవి క్యాన్సర్లే కావని తర్వాత తేలింది. కోళ్లలో వైరస్ వల్ల కణితి వస్తుందని 1911లోనే చూపిన పేటన్ రౌస్‌కు మాత్రం 1966 దాకా నోబెల్ రాలేదు. ఒకరిని తొందరపడి నమ్మారు, ఇంకొకరిని అర్ధశతాబ్దం పాటు పక్కన పెట్టారు. కాబట్టి నమ్మడమా మానడమా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆధారం ఏ రకందో చూడాలి.

1992లో షిబాటా, వైస్ అమెరికాలో 138 మంది రోగుల కడుపు క్యాన్సర్ నమూనాలు పరీక్షించారు. 22 నమూనాల్లో వైరస్ దొరికింది. అయితే ఎన్నింట్లో దొరికింది అన్నదానికంటే ఎక్కడ దొరికింది అన్నదే నాకు ముఖ్యం. ఈబర్ అనే వైరస్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే రంగు వేసి స్లైడ్ చూస్తే, క్యాన్సర్ కణాల కేంద్రకాలన్నీ ముదురు రంగుకు తిరిగాయి. పక్కనే ఉన్న మామూలు జీర్ణాశయపు పొర ఖాళీ. గడ్డలోకి గుంపుగా చేరిన లింఫోసైట్లూ ఖాళీయే. గడ్డ పెరిగాక వైరస్ తీరిగ్గా వచ్చి చేరి ఉంటే కొన్ని కణాల్లో ఉండి కొన్నింట్లో లేకుండా ఉండాలి కదా! ఇంతకన్నా గట్టి సాక్ష్యం వైరస్ డీఎన్‌ఏ కొసల్లో ఉంది. వైరస్ కణంలోకి దిగగానే దాని డీఎన్‌ఏ రెండు కొసలూ కలిసి వలయం అవుతాయి. అతుకు దగ్గర మళ్లీమళ్లీ వచ్చే ముక్కల సంఖ్య ఒక్కో కణంలో ఒక్కోలా ఉంటుంది. ఒక గడ్డ మొత్తంలో ఆ అతుకు ఒకే పొడవులో కనిపించింది. అంటే వైరస్ సోకిన ఒకే ఒక్క కణం పెరిగి పెరిగి ఆ గడ్డ అయిందన్నమాట. అంటే గడ్డ ఎదగడానికి ముందే వైరస్ అక్కడ ఉంది. 2014లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 295 గడ్డలను విశ్లేషించి నాలుగు రకాలుగా విడదీసింది. వైరస్ ఉన్నవి దాదాపు 9 శాతం, అవి వేరే తెగ అన్నట్టు విడిగా నిలబడ్డాయి: జన్యువుల మీద మిథైల్ గుర్తులు మరే రకంలోనూ లేనంతగా పేరుకుని, గడ్డను అదుపు చేసే జన్యువులు మూగబోయి ఉన్నాయి.

అందరిలో ఉన్నది కొందరికే క్యాన్సర్ ఎలా తెస్తుందని మీరు అడగవచ్చు. ఈ వైరస్ మామూలుగా కాపురముండేది బి లింఫోసైట్లలో. అది జీర్ణాశయపు పొర కణంలోకి దూరి అక్కడే తిష్ఠ వేయడం అరుదు. ఆ మనిషిలో వైరస్ ఉందా అని కాదు, ఆ కణంలో ఉందా అని అడగాలి. హెలికోబాక్టర్ పైలోరీ సంగతి ఏమిటంటారా? 1994లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చిన ఆ బ్యాక్టీరియాయే కడుపు క్యాన్సర్‌కు పెద్ద కారణం, సందేహం లేదు. అది తెచ్చే వాపు వైరస్‌కు దారి తెరుస్తుండవచ్చు. ఒక కారణం ఉన్నంత మాత్రాన రెండోది అబద్ధం కాదు. ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం: అదే సంస్థ ఈ వైరస్‌ను ఇతర క్యాన్సర్ల విషయంలో 1997లోనే మొదటి వర్గంలో పెట్టినా, 2012 సంపుటంలో కడుపు విషయంలో ఆధారం పరిమితమనే రాసింది. ఆ జాగ్రత్తను గౌరవిస్తాను. వైరస్‌ను ఆపితే క్యాన్సర్ తగ్గిందని చూపే ప్రయోగం లేదు, టీకా లేదు కాబట్టి అది సాధ్యమూ కాదు. కానీ ఆ లోటు మన చేతిలో సాధనం లేకపోవడం వల్ల వచ్చింది, సాక్ష్యం ఎదురు తిరగడం వల్ల కాదు.

రేపు వార్డులో దీంతో ఏం పని? రక్తంలో ఈ వైరస్ యాంటీబాడీల పరీక్ష రాయకండి; దాదాపు అందరికీ పాజిటివే వస్తుంది, రోగి డబ్బు దండగ. బయాప్సీ ముక్క మీద ఈబర్ పరీక్ష అడగండి. ఈ రకం గడ్డలు ఇమ్యూనోథెరపీకి లొంగే అవకాశం ఎక్కువ. 2018లో కొరియాలో ఒక అధ్యయనంలో ఇలాంటి రోగులు ఆరుగురుంటే ఆరుగురికీ మందు పనిచేసింది. ఆరుగురు ఆరుగురే, తర్వాతి రోగులందరిలో అంత ఫలితం రాలేదు. అయినా అడగదగ్గ పరీక్షే. వైరస్ అన్న మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్లు రోగికి కంచం, గ్లాసు వేరు పెట్టాలా అని అడుగుతారు. అక్కర్లేదని స్పష్టంగా చెప్పండి: క్యాన్సర్ అంటుకోదు, ఉమ్మితో వ్యాపించే ఆ వైరస్ వాళ్లలో చాలామందికి చిన్నప్పుడే వచ్చి ఉంటుంది. పైలోరీ మాత్రం వేరు. దానికి పరీక్షా ఉంది, రెండు వారాల మందులూ ఉన్నాయి. రోగి తోబుట్టువులకు, పిల్లలకు ఆ పరీక్ష చేయించమని అదే చీటీ మీద రాసివ్వండి.