రోజ్ బెల్ పల్లెలో రెండు దినములు

అతిథి మర్యాదలకు మా కృష్ణాతీరమే పుట్టినిల్లని చల్లపల్లిలో మేమనుకొనుట కద్దు. 1990 డిసెంబరులో ఒక శని, ఆదివారములతో నాకా గర్వము కొంత తగ్గినది. ఆ యేడు మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్ ద్వీపమున జరిగినవి. సభలు ముగిసిన పిమ్మట అచ్చటి తెలుగువారొకరు, చెరకుతోటలో మేస్త్రీపని చేయువారు, హోటలులో ఒంటరిగా ఏల యుందురని నన్ను రోజ్ బెల్ దగ్గరనున్న తమ పల్లెకు తీసికొనిపోయిరి. ఆయనకు వచ్చిన తెలుగు మాటలు పదియో పదునైదో. తక్కినది క్రియోలు, కొంత ఇంగ్లీషు.

బస్సు సాగినంత దూరము ఇరువైపుల చెరకే. ఉయ్యూరు ఫ్యాక్టరీ యెరిగిన ప్రాంతమువాడను గనుక చెరకు నాకు క్రొత్త కాదు. అయితే తోటల నడుమ నల్లరాళ్ళ గుట్టలు గోపురములవలె నిలిచియున్నవి. అది అగ్నిపర్వతము కక్కిన రాయి. ముందు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు, ఆ వెనుక మనవారు దానిని చేతులతో ఏరి కుప్పవేసిన పిదపనే అచ్చట పైరు పెరిగినది. మా డెల్టాలో నాగలికి గులకరాయి యైనను తగులదు. 1834 మొదలు 1910 వరకు ఇంచుమించు నాలుగున్నర లక్షలమంది భారతీయులు కూలి ఒప్పందములపై ఆ ద్వీపము చేరిరి. వారిలో తెలుగువారిని కోరంగి రేవు పేరుతోనే పిలిచెడివారు.

ఇంటి ముంగిట తురాయిచెట్టు ఎఱ్ఱగా పూచియున్నది. మనకు వేసవిలో పూచునది వారికి డిసెంబరులో పూచును, అదియు వారికి వేసవియే. గుమ్మములో ఆయన తల్లి చెంబుతో నీళ్ళు పట్టుకొని నిలుచున్నది. కాళ్ళు కడుగుకొమ్మని చేతితో చూపినది. ఈనాడు మా ఊరిలో ఎన్ని యిండ్ల గుమ్మములలో ఆ చెంబు కనబడును?

వెనిలా వాసన వేయు తేనీరు, మన మసాలవడకు చెల్లెలివంటి 'గాతో పిమా', అన్నము, పప్పు, మునగాకు కూర. వంట మనదే, పేర్లు మాత్రము ఫ్రెంచి వాసన కొట్టుచున్నవి. "తిను బాబూ, తిను" అని ఆమె విస్తరి ఖాళీ కానిచ్చినది కాదు. ఇంటిలోని మంచి మంచము నాకిచ్చి వారు చాపలపై పరుండిరని మరునాటి ఉదయమున గాని నాకు తెలియలేదు.

రాత్రి ఇరుగుపొరుగువారు వచ్చి దీపస్తంభము చుట్టు తిరుగుచు రామభజన చేసిరి. పాటలు తెలుగువి, పుస్తకములోని లిపి రోమనులది. భజన ముగిసిన తరువాత ఆ ముదుసలి తాను అరువది యేండ్లుగా పాడుచున్న పాటలో ఒక మాటకు అర్థమడిగినది. చెప్పితిని. మరియొకటి అడిగినది. కొడుకు మా మాటలను అటునిటు మార్చి చెప్పుచుండగా పండ్రెండు గంటలైనది.

ఆదివారము మధ్యాహ్నము ఆయన బీరువానుండి ఒక కాగితము తీసెను. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలస పత్రములనుండి వ్రాయించుకొనిన నకలు అది. ముత్తాత పేరు, వయస్సు, ఓడ పేరు, జిల్లా విశాఖపట్టణము. ఊరి పేరు మాత్రము గుమాస్తా చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో వ్రాసినది, అందును సగము చెరిగినది. కొత్తవలసయో, కొత్తపాలెమో! "మీరు అక్కడివారే కదా, ఇది ఎక్కడ?" అని అడిగెను. చల్లపల్లికి విశాఖ ఎంత దూరమో చెప్పుటకు నోరాడలేదు. కనుగొందునని మాట యిచ్చితిని.

బస్సెక్కునప్పుడు ఒక సంచి లిచీపండ్లు ఒడిలో పెట్టిరి. ఆ నకలు నా పెట్టెలో నున్నది. రెండు పర్యాయములు విశాఖ మండలము పోయి ఆ పోలికగల ఊళ్ళు మూడు చూచితిని. ఆ కుటుంబము నెఱిగినవారు చిక్కలేదు. ఆ దేశమున ఉగాది సెలవుదినము. చాలకాలము ప్రతి ఉగాదికి ఆయన ఉత్తరము వ్రాసెను. ఊరి సంగతి ఒక్కనాడు నడుగలేదు, మరల ఎప్పుడు వత్తురని మాత్రమే అడిగెను.