ఆనందమైడ్, మాయ, ఒక గమ్మీ ప్యాకెట్

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. అమెరికాలో ఉన్న నా బీటెక్ క్లాస్‌మేట్ ఒక ఫొటో పంపాడు. గంజాయి గమ్మీల ప్యాకెట్. వాళ్ల స్టేట్‌లో షాపులో లీగల్‌గానే అమ్ముతారు. వాళ్లావిడకి మూడో నెల, పొద్దున లేస్తే వాంతులే. "నేచురల్ అంట కదరా, వాంతులు ఆగుతాయంట, ఇవ్వొచ్చా?" అన్నాడు. నేను డాక్టర్‌ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ని. "ఆగరా బాబూ" అని చెప్పి చదవడం మొదలుపెట్టాను.

గంజాయి లాంటి పదార్థం మన ఒంట్లోనే తయారవుతుంది! 1992లో ఇజ్రాయెల్‌లో రఫేల్ మెషూలం టీమ్ దాన్ని పంది మెదడులో కనిపెట్టింది. పేరు ఆనందమైడ్. అవును, సంస్కృతం 'ఆనందం' నుంచే. అది వెళ్లి అతుక్కునే చోటు సీబీ1 రిసెప్టర్. ఇది మెదడులోనే కాదు, గర్భసంచిలో, మాయలో కూడా ఉంటుంది. మాయ అంటే ప్లాసెంటా.

ప్రెగ్నెన్సీలో ఆనందమైడ్ లెక్క చాలా టైట్. పిండం గర్భసంచికి అతుక్కునే చోట అది తగ్గాలి. నొప్పులు మొదలయ్యేసరికి రక్తంలో బాగా పెరుగుతుంది. ఎక్కువైతేనే ప్రాబ్లం అనుకోకండి. సీబీ1 జీన్ తీసేసిన ఎలుకల్లో కొన్ని పిండాలు గర్భసంచి దాకా రాకుండా ట్యూబ్‌లోనే ఇరుక్కుపోయాయి.

ఈ లెవెల్ చూసుకునేది ఫా అనే ఎంజైమ్. పనైపోయిన ఆనందమైడ్‌ని వెంటనే విరగ్గొట్టేస్తుంది. మా భాషలో గార్బేజ్ కలెక్టర్ అన్నమాట. గంజాయిలోని టీహెచ్‌సీ కూడా అదే సీబీ1 మీద కూర్చుంటుంది, కానీ ఫా దాన్ని తీయలేదు. కొవ్వులో చేరి రోజుల తరబడి ఉంటుంది, మాయ దాటి బిడ్డకీ చేరుతుంది. అంటే మెమరీ లీక్, అదీ ప్రొడక్షన్‌లో.

మనుషుల్లో ఏం జరిగింది? 2023లో జామా జర్నల్‌లో 9,257 మంది అమెరికన్ గర్భిణుల మీద ఒక స్టడీ వచ్చింది. బిడ్డ బరువు తగ్గడం, ప్రెగ్నెన్సీ బీపీ, డాక్టర్లే ముందుగా డెలివరీ చేయాల్సి రావడం, కడుపులోనే బిడ్డ చనిపోవడం, ఇలా మాయతో ముడిపడ్డ సమస్యలన్నీ కలిపి లెక్కేశారు. గంజాయి వాడినవాళ్లలో 25.9 శాతం, వాడనివాళ్లలో 17.4 శాతం. ఈ ఒక్క స్టడీతో గంజాయే కారణం అని ప్రూవ్ అయిపోదు. కానీ ఆ తేడా చూశాక గమ్మీ ఇవ్వబుద్ధి అవుతుందా?

నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. 2018లో వచ్చిన ఒక స్టడీలో కొలరాడోలోని 400 గంజాయి షాపులకి గర్భిణిలా ఫోన్ చేసి "వాంతులకి ఏదైనా ఉందా?" అని అడిగారు. 69 శాతం షాపులు తమ సరుకే సజెస్ట్ చేశాయి. కౌంటర్ వెనక ఉన్నది సేల్స్‌మన్ అండీ!

మావాడి సంగతి చెప్పాలి కదా. వాళ్లావిడ డాక్టర్‌కి ఫోన్ చేసింది. డాక్సిలమైన్, బీ6 కలిసిన ట్యాబ్లెట్ రాశారు. వాంతులు పూర్తిగా పోలేదు, కానీ పెరుగన్నం నిలుస్తోందట. గమ్మీ ప్యాకెట్ డస్ట్‌బిన్‌లో ఉన్న ఫొటో కూడా పంపాడు.