ఛాతీకి దెబ్బ - బృహద్ధమనికి గాయం



పరుగెత్తే బస్సుకు హఠాత్తుగా బ్రేకు వేస్తే నిలబడినవారు ముందుకు తూలుతారు. దీన్ని జడత్వం అని మీరు చదువుకున్నారు. ఆ జడత్వం మన ఛాతీలోపల కూడా పనిచేస్తుంది.

గుండె నుంచి బయలుదేరిన బృహద్ధమని పైకి వెళ్లి, విల్లులా వంగి, వెన్నెముక పక్కగా కిందికి దిగుతుంది. వంపు భాగం గుండెతోపాటు కొంత కదలగలదు. దిగే భాగాన్ని మాత్రం పక్కటెముకల మధ్యకు పోయే ధమనులు వెన్నెముకకు కట్టినట్లు పట్టి ఉంచుతాయి. ఈ రెండూ కలిసేది ఎడమ చేతికి పోయే ధమని దాటిన వెంటనే. గర్భస్థ దశలో పుపుస ధమనిని దీనితో కలిపిన నాళం కూడా, పుట్టాక మూసుకుపోయి, తాడులా అక్కడే మిగిలి ఉంటుంది. గాయం ఎక్కువగా ఇక్కడే.

గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లు, పోతున్న కారు గోడను ఢీకొందనుకోండి. ప్రయాణికుడి శరీరం అర మీటరులో ఆగితే రుణత్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 23 రెట్లు. మీరే లెక్క వేసి చూడండి. ఛాతీ ఆగుతుంది, రక్తంతో నిండిన గుండె, ధమని వంపు ఇంకా ముందుకే పోతాయి. కదిలే భాగానికీ కదలని భాగానికీ మధ్య గోడ చిరుగుతుంది. స్టీరింగు ఛాతీని నొక్కినప్పుడు ధమనిలో పీడనం ఒక్కసారిగా పెరగడం, రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య ధమని నలగడం కూడా ఇందుకు తోడవుతాయని భావిస్తారు.

ధమని గోడకు మూడు పొరలు. మూడూ చిరిగితే నిమిషాల్లో మరణం. 1958లో పార్మ్లీ బృందం ప్రచురించిన పరిశీలనలో నూటికి 80 మందికి పైగా వెంటనే చనిపోయినవారే. లోపలి రెండు పొరలే చిరిగితే వెలుపలి పొర రక్తాన్ని కొంతకాలం ఆపుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఛాతీపై గీత కూడా లేకుండా, "నాకేం కాలేదు" అంటూ ఆ మనిషి లేచి నిలబడవచ్చు. కనుక వైద్యుడు దెబ్బ ఎక్కడ తగిలిందనే కాక, వాహనం ఎంత వేగంలో ఉందని కూడా అడగాలి. వాహనమే కానక్కరలేదు, గుర్రం మీది నుంచి పడినవాడిలో ఈ గాయాన్ని వెసాలియస్ 1557లోనే వర్ణించాడు.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నడుమ నీడ వెడల్పుగా కనిపిస్తే అనుమానించాలి. సి.టి. యాంజియోగ్రామ్ దాన్ని తేలుస్తుంది. ముందుగా మందులతో రక్తపోటును, గుండె వేగాన్ని తగ్గిస్తారు. లోపొరలోని చిన్న చిరుగు చాలాసార్లు దానంతటదే మానుతుంది. పెద్దదైతే, ఒకప్పుడు ఛాతీ తెరవాల్సి వచ్చేది. ఇప్పుడు చాలామందికి తొడ ధమని గుండా గొట్టం లాంటి స్టెంట్ గ్రాఫ్ట్‌ను పంపి, చిరుగును లోపలి నుంచే కప్పివేస్తున్నారు.