వడ్డించే చేతుల ఆట

మయామీ కేంద్రంగా 1972లో మొదలైన కార్నివాల్ సంస్థ విహార నౌకల్లో, రాత్రి భోజనం సాగుతుండగా ఉన్నట్టుండి పాట మోగుతుంది. అప్పటిదాకా పళ్లేలు అందించిన వెయిటర్లే బల్లల మధ్య చిందులేస్తారు. కూర్చున్నవాళ్లు చేతిరుమాళ్లు గిరగిరా తిప్పుతారు.

విహార నౌకల్లో పాత ముచ్చట మరొకటుంది. దీపాలార్పి, బేక్డ్ అలాస్కా అనే తీపి వంటకాన్ని మంటతో ఊరేగించడం. కేకు మీద ఐస్‌క్రీమ్, దానిపై గిలక్కొట్టిన తెల్లసొన నురుగు. ఆ నురుగు వేడిని అడ్డుకోబట్టే లోపలిది కరగదు. నడిసముద్రంలో నిప్పంటే ప్రమాదం, అందుకే తర్వాత మంట బదులు బ్యాటరీ దీపాలొచ్చాయి.

బల్లల మధ్య ఆడే ఆ వెయిటర్లలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశపు యువతీ యువకులు ఎందరో. నెలల తరబడి ఇంటికి దూరంగా, పొద్దున ఫలహారం నుంచి రాత్రి దాకా వడ్డించేవాళ్లు. ఆ నృత్యమూ వాళ్ల డ్యూటీయే. చప్పట్లతోపాటు జీతంలోనూ దానికి లెక్క ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.