కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో పూలమొక్కలు



కుక్కని పెంచుకోవాలంటే పూలమొక్కలు పీకేయాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదండీ. గులాబి, మల్లె, మందారం, కనకాంబరం నిశ్చింతగా పెంచుకోండి. నాలుగు రేకులు నమిలితే మహా అయితే ఓ వాంతి అవుతుంది. చామంతి తింటే కడుపు పాడవచ్చు, మూతి దురద పెట్టొచ్చు; ప్రాణం మీదికి రావడం అరుదు.

జాగ్రత్త పడాల్సింది గన్నేరుతో. మన అరక్కోణంలో అరళి అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆకు, పువ్వు, కొమ్మ, అన్నిట్లోనూ గుండె లయ తప్పించే విషం ఉంది. ఎండినా అది పోదు. తిరుత్తణి నుంచి తెచ్చి గుమ్మానికి కట్టిన అరళి మాల వాడి రాలితే, కనిపించిందల్లా కొరికే కుక్కపిల్లకి ముప్పే. పచ్చగన్నేరూ అంతే. ఈ ముప్పు మనుషులకీ ఉంది: 2024 మే నెలలో కేరళలో తిరువితాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో అరళి పూలు వాడొద్దని నిర్ణయించింది.

తమిళనాడు రాష్ట్ర పుష్పం సెంగాంతళ్, మన అడవి నాభి. దీని దుంపలో కొల్చిసిన్ అనే విషం ఎక్కువ. మట్టి తవ్వే అలవాటున్న కుక్క ఉంటే ఆ మొక్క చుట్టూ కంచె కట్టండి.

పిల్లి సంగతి వేరు. అది ఒళ్లు నాకి శుభ్రం చేసుకుంటుంది. బొకేల్లో పెట్టే బాకా ఆకారపు లిల్లీ పుప్పొడి దాని ఒంటికి అంటితే చాలు, నాకుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. 18 గంటల్లోపు సెలైన్ ఎక్కిస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అదే లిల్లీ తిన్న కుక్కకి సాధారణంగా కడుపు పాడవడంతో సరి. మాలల్లో కట్టే సంపంగి వేరు, దాన్ని ఈ లిల్లీ అనుకోకండి.

విషపు మొక్క తిన్నదని అనుమానం వస్తే ఉప్పునీళ్లు, నూనె పట్టించకండి. ఉప్పు ఎక్కువైతే అదే విషం. బలవంతంగా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నోట్లో మిగిలిన ముక్కలు తీసేసి, నమిలిన కొమ్మని కవర్లో వేసుకుని, ఎంతసేపైందో గుర్తుపెట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి రండి. వాంతులు మొదలయ్యేదాకా ఆగొద్దు. పరిస్థితి తీవ్రంగా ఉంటే చెన్నై వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. అయితే మొదటి చికిత్స ఇక్కడే చేయించి బయల్దేరండి.

చివరిగా ఒక్క మాట. గన్నేరు కొమ్మలు కత్తిరిస్తే వీధిలో పారేయకండి. మీ కుక్క తినకపోయినా పక్కింటి మేక తింటుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.