తలకట్టు, గుడి, కొమ్ము తెలిసినవారికి జబర్, జేర్, పేష్



తెలుగు బడులలో చదువుకున్న మాలో అనేకులం దివ్య ఖుర్ఆన్‌ను తెలుగు లిపిలోనే పారాయణం చేస్తూ వచ్చాము. ఆ పుస్తకాలు మేలే చేశాయి. కాని గొంతు లోతునుండి పలికే ఖాఫ్‌తో 'ఖల్బ్' అంటే హృదయం. మామూలు కాఫ్‌తో 'కల్బ్' అంటే కుక్క. సీన్, సాద్, సే మూడింటికీ మనం రాసుకునేది ఒక్క 'స'యే.

ఫాతిహా సూరాలోని 'అన్‌అమ్‌త' చివర జబర్ ఉంది. అక్కడ పేష్ పలికితే 'నీవు అనుగ్రహించావు' అన్నది 'నేను అనుగ్రహించాను' అయిపోతుంది. ప్రతి నమాజులోనూ చదివే సూరా అది!

జబర్ మన తలకట్టు, జేర్ గుడి, పేష్ కొమ్ము వంటివి. గుర్తులు వారంలో పట్టుబడతాయి. పలుకు మాత్రం ఉస్తాద్ ఎదుట కూర్చుని దిద్దుకోవలసిందే. మనవల ముందు తడబడటానికి మేము సిగ్గుపడ్డాము. కష్టపడి తడబడుతూ చదివేవారికి రెండింతల పుణ్యమని ప్రవక్త (స) చెప్పి ఉన్నారు కదా! మస్జిద్ కమిటీలవారు మగ్రిబ్ తరువాత పెద్దలకు ఒక గంట, పగలు స్త్రీలకు ఒక గంట కేటాయించాలని కోరుతున్నాము.