మోటరు షాఫ్టుకు మెలి పోటు



బాయిలోకి బొక్కెన వదిలినప్పుడు మీరు చూచే ఉంటారు. తాడు ఒకవైపు మెలి తిరిగి, కొంచెమాగి, వెనుకకు తిరుగును, మళ్ళీ ముందుకు. మోటరుకు పంపుకు నడుమనున్న ఉక్కు షాఫ్టు కూడ ఇట్లే ఆడుతుందంటే నమ్మబుద్ధి కాదు. కాని ఆడుతుంది. ఒక చివర రోటరు బరువు, ఇంకో చివర పంపు చక్రం బరువు, నడుమ షాఫ్టు తాడు వలె. మెలి వెంట్రుకవాసి గనుక కంటికి కనబడదు. బేరింగు పెట్టె మీద చెయ్యి పెట్టినా సాధారణంగా తెలియదు.

ప్రతి షాఫ్టుకు తనదైన ఊపు ఒకటుంటుంది. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటరు సెకనుకు 24 చుట్లు తిరుగును. పంపు చక్రానికి 5 రెక్కలుంటే సెకనుకు 120 తోపులు. ఆ తోపులు షాఫ్టు సొంత ఊపుతో కలిస్తే, ఊయలను అదను చూసి తోసినట్లే, మెలి పెరిగిపోతుంది. మూడు ఫేజులలో ఒకటి పోయినా మోటరు నడుస్తూనే ఉంటే సెకనుకు 100 మార్లు పోటు పడుతుంది. వైండింగు కాలుతుందని అందరికీ తెలుసు. షాఫ్టు గోస ఎవరూ అడుగరు.

2019 ఆగస్టులో మన రామడుగు మండలం లక్ష్మీపూర్ భూగర్భ పంపుహౌసులో నీళ్ళెత్తిన మోటరు 139 మెగావాట్లది. అంటే 5 హార్సు పవరు మోటర్లు 37 వేలకు పైగా. అటువంటి పెద్ద యంత్రాలకు షాఫ్టు ఊపును ముందే లెక్కగట్టి, నడిచే వేగానికి దూరంగా ఉంచుతారు. మనమేమో విరిగిన షాఫ్టుకు బదులు సన్నదానిని వేయించి ఉన్న లెక్కను చెడగొడతాము.

అన్నిటికంటె చెడ్డది, కరెంటు పోయి వెంటనే వచ్చినప్పటి దెబ్బ. ఫుట్‌వాల్వు కారుతుంటే పైపులోని నీళ్ళు కిందికి జారుతూ పంపును వెనుకకు తిప్పుతాయి. ఆ క్షణాన ఆటో స్టార్టరు మోటరును ముందుకు లాగితే షాఫ్టును తడిబట్ట పిండినట్లే. వరి పొట్టమీద ఉండగా షాఫ్టు పుటుక్కుమంటే, లేతు షాపుకు తిరిగి వచ్చేలోగా మడి నెర్రెలు బారుతుంది. కరెంటు వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి మోటరు లేచేటట్లు స్టార్టరులో ఆలస్యం పెట్టించండి. ఫుట్‌వాల్వు బాగుచేయించండి.

ఆదిలాబాదు వైపు బెల్టు మీద నడిచే జిన్నింగు యంత్రంలో ఏదైనా ఇరుక్కుంటే బెల్టు జారి షాఫ్టును కాపాడును. కప్లింగుతో బిగించిన పంపుకు ఆ దయ లేదు; రబ్బరు బుష్షులే దానికి దిక్కు. కప్లింగు కింద నల్లని రబ్బరు పొడి రాలినా, మోటరు ఆగేటప్పుడు టకటక వినిపించినా బుష్షులు అరిగినట్లే. ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్న తరువాతనే చెయ్యి పెట్టండి. అన్ని బుష్షులూ ఒకేసారి మార్చవలెను. తోలు ముక్కలు, మేకులు కుక్కవద్దు.

విరిగిన ముక్కను పారేయకండి. విరుగుడు కీ గాడి దగ్గర మొదలై 45 డిగ్రీల ఏటవాలుగా పోతే అది మెలి దెబ్బ. అడ్డంగా విరిగితే చాలా మట్టుకు వరుస తప్పి వంగుడు పడ్డట్టు. లేతు షాపులో ఆ ముక్క చూపి, మొదటి లావుకే కొత్త షాఫ్టు తీయించండి. కీ గాడి మూలలు కత్తివాదరలా కాక కొంచెం గుండ్రంగా ఉంచమని చెప్పండి.